కొనుక్కునే బలం, కూడబెట్టుకునే బలం

మౌంటెన్ బైక్ మీద మోజున్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాట ముందు వస్తువుల మీదికే పోతుంది. ఫ్రేము కార్బనా, అల్యూమినియమా? బూటును బిగించి పట్టుకునే క్లిప్‌లెస్ పెడళ్లా, మామూలు ఫ్లాట్ పెడళ్లా? చక్రాల బరువెంత? కొత్తగా చేరిన కుర్రాడికి తొలి నెలలోనే అందే సలహా, 'ఆ పెడళ్లు మార్చెయ్, ఎక్కుడు తేలికైపోతుంది' అని. ఈ సలహా తలకిందులుగా ఉందని నా వాదన. మట్టిబాట మీద ఎక్కుడును తేలిక చేసేవి వరసగా ఒంటి దమ్ము, తొక్కే తీరు, ఒంటికి కుదిరిన సైకిలు. ఖరీదైన విడిభాగాల వంతు ఆ తర్వాతే. ఇందుకు లెక్కలూ ఉన్నాయి, ప్రయోగశాలల సాక్ష్యమూ ఉంది, పోటీల చరిత్రా ఉంది.

ముందు బరువు సంగతి చూద్దాం. 70 కిలోల మనిషి, 13 కిలోల సైకిలు, నీళ్లూ బూట్లూ హెల్మెట్ కలిపి మరో 2 కిలోలు. మొత్తం 85. నిటారు ఎక్కుడులో మన శ్రమలో ఎక్కువ భాగం ఈ బరువును పైకి మోయడానికే ఖర్చవుతుంది. అందులో ఒక కిలో తగ్గిస్తే కలిసివచ్చేది సుమారు 1.2 శాతం, అంటే గంట పట్టే ఎక్కుడులో 40 సెకన్ల పైచిలుకు. పోటీలో దిగే ఆటగాడికి 40 సెకన్లు చాలా పెద్ద సంగతి, ఆ ఖర్చు అతనికి న్యాయమే. ఆదివారం పూట వికారాబాద్ అనంతగిరి కొండల వైపు వెళ్లే ఉద్యోగికి మాత్రం ఆ కిలో కోసం వేల రూపాయలు పోయడంలో అర్థం లేదు. చక్రం అంచున తగ్గే బరువుకు రెట్టింపు ఫలితం ఉంటుందని కొందరంటారు. వేగం పుంజుకునేటప్పుడు ఆ మాట నిజం. నిలకడగా గుట్ట ఎక్కేటప్పుడు వేగంలో మార్పు స్వల్పం కనుక, చక్రంలో తగ్గినా సీసాలో తగ్గినా గ్రాము గ్రామే.

దీని పక్కన సాధన ఇచ్చే ఫలితాన్ని పెట్టి చూడండి. అమెరికా, కెనడా పరిశోధకులు కలిసి జరిపిన హెరిటేజ్ ఫ్యామిలీ స్టడీలో, అంతవరకు వ్యాయామం అలవాటు లేని వందలమంది చేత 20 వారాలపాటు, వారానికి మూడు రోజులు, కదలని సైకిలు తొక్కించారు. శరీరం ఆక్సిజన్‌ను వాడుకోగల గరిష్ఠ సామర్థ్యం సగటున 15 శాతానికి మించి పెరిగింది. అందరికీ ఒకేలా పెరగలేదు. కొందరిలో మార్పు దాదాపు కనిపించలేదు, కొందరిలో సగటుకు రెట్టింపు వచ్చింది. ఇప్పటికే తొక్కుతున్నవాళ్లకు లాభం తక్కువే ఉంటుంది, ఆ పెరుగుదల అంతా నేరుగా వేగంగా మారదు కూడా. ఇన్ని మినహాయింపులు ఇచ్చాక కూడా, కిలో బరువు తగ్గించి సంపాదించే 1.2 శాతం దీని ముందు చిన్నదే. పైగా మట్టిబాట అడిగే దమ్ము తారురోడ్డు అడిగే దమ్ము లాంటిది కాదు. ఒక రాతిమెట్టు దాటడానికి పది సెకన్లు ప్రాణం పెట్టి తొక్కాలి, వెంటనే ఊపిరి కూడదీసుకోవాలి, అరనిమిషంలో మరో మెట్టు ఎదురవుతుంది. అందుకే వారంలో ఎక్కువ గంటలు మాట్లాడుకుంటూ తొక్కగలిగేంత నెమ్మదిగా తొక్కాలి. ఒకటి రెండు రోజులు మాత్రం చిన్న చిన్న ఎక్కుళ్లను పూర్తి బలంతో, మధ్యలో విరామమిస్తూ ఎక్కాలి. చేతులకు, నడుముకు, పొట్ట కండరాలకు కసరత్తు విడిగా ఉండాలి, ఎందుకంటే దిగేటప్పుడు సైకిలును అదుపు చేసేది అవే.

ఇక అసలు వివాదం పెడళ్లది. బూటు పెడల్‌కు బిగిసి ఉంటే కిందికి తొక్కడమే కాక పైకి కూడా లాగవచ్చని, గుండ్రంగా తొక్కితే బలం వృథా కాదని చాలాకాలంగా నమ్మకం. వినడానికి సబబుగానే ఉంటుంది, కొలిచి చూసినప్పుడు నిలబడలేదు. 1991లో ఎడ్వర్డ్ కోయిల్ బృందం మేటి రైడర్లను వారికన్నా ఒక మెట్టు కిందివారితో పోల్చింది. మేటివారి ప్రత్యేకత పైకి లాగడంలో కనిపించలేదు, కిందికి మరింత బలంగా నొక్కడంలో కనిపించింది. 2007లో థామస్ కోర్ఫ్ బృందం రైడర్లను నాలుగు తీరుల్లో తొక్కమంది: తమకు అలవాటైనట్టు, గుండ్రంగా, పైకి లాగుతూ, కిందికి నొక్కుతూ. పైకి లాగినప్పుడు పెడల్ మీద బలం పడే దిశ మెరుగైంది, కానీ అదే పనికి శరీరం ఎక్కువ శక్తి ఖర్చు పెట్టింది. మరుసటి ఏడాది వెలువడిన మరో అధ్యయనం పెడళ్ల రకాన్నే పరీక్షించి, నిలకడగా తొక్కేటప్పుడు రకం మారినంత మాత్రాన సామర్థ్యం మారదని తేల్చింది. కారణం మన ఒంటి నిర్మాణంలోనే ఉంది. నొక్కే పని తొడ ముందు కండరాలది, పిరుదులది, అవి శరీరంలోకెల్లా పెద్ద కండరాలు. కాలు పైకెత్తే కండరాలు చిన్నవి, త్వరగా అలిసిపోతాయి. ఒక కాలు దిగుతుంటే క్రాంకు రెండో కాలిని ఎలాగూ పైకి తెస్తుంది. ఆ కాలు తన బరువును పెడల్ మీద మోపకుండా ఉంటే చాలు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ప్రయోగశాలలో నేల కదలదు, గుట్ట మీద గులకరాళ్లు కదులుతాయి. ఒక్కసారిగా బలం వేస్తే వెనక చక్రం జారుతుంది, కనుక గుండ్రంగా తొక్కడమే మేలు కదా అంటారు. బలం సమంగా పడాలన్న మాట ఒప్పుకుంటాను. అయితే ఆ సమత్వం బూటు బిగింపు వల్ల రాదు, గేరు ఎంపిక వల్ల, కూర్చునే తీరు వల్ల వస్తుంది. సీటు ముందుకొసకు జరిగి, మోచేతులు వంచి, ఛాతీని హ్యాండిల్ వైపు దించితే ముందు చక్రం లేవదు, వెనక చక్రం పట్టు వదలదు. గేరును ఎక్కుడు మొదలవకముందే మార్చాలి. బలమంతా చెయిన్ మీద వేసి మారిస్తే గేరు పడదు, చెయిన్ తెగినా తెగుతుంది. గేరు లెక్క కూడా సులువైనదే. ముందు 32 పళ్లు, వెనక 51 పళ్లు ఉన్న 29 అంగుళాల సైకిలు పెడల్ ఒక చుట్టు తిరిగితే 1.44 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 70 చుట్లతో గంటకు 6 కిలోమీటర్లు. వెనక పెద్ద పళ్లచక్రం 42 దగ్గరే ఆగిపోతే అదే వేగానికి 57 చుట్లే తిరుగుతాయి, ప్రతి చుట్టూ బరువుగా పడుతుంది, చక్రం జారేది అప్పుడే. పరిష్కారానికి గేర్ల సెట్టంతా మార్చనక్కర్లేదు. ముందు పళ్లచక్రాన్ని 28కి తగ్గిస్తే చుట్లు 65కు చేరతాయి. ఖర్చు ఆ ఒక్క చక్రానిదే.

'ఛాంపియన్లంతా బిగించుకునే తొక్కుతున్నారు కదా' అన్నది రెండో అభ్యంతరం. క్రాస్‌కంట్రీ వరకు నిజమే. రియో ఒలింపిక్ విజేత, పదిసార్లు ప్రపంచ ఛాంపియన్ నీనో షుర్టర్ గానీ, టోక్యోలో, పారిస్‌లో స్వర్ణం గెలిచిన టామ్ పిడ్‌కాక్ గానీ ఆ పెడళ్లతోనే తొక్కారు. ఎగుడుదిగుడు నేల మీద పాదం పెడల్ నుంచి చెదరకుండా ఉండటం, చివరి పరుగులో కొన్ని సెకన్లు అన్ని కండరాలనూ వాడుకోవడం వాళ్లకు కావాలి. ఆ అవసరం నిజమైనదే. కానీ అదే ఆటలో ఆస్ట్రేలియాకు చెందిన సామ్ హిల్ 2006, 2007, 2010లలో డౌన్‌హిల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2017 నుంచి 2019 వరకు వరసగా మూడేళ్లు ఎండ్యూరో వరల్డ్ సిరీస్ గెలిచాడు. ఎండ్యూరోలో కొండ ఎక్కాలి కూడా, అతనివన్నీ ఫ్లాట్ పెడళ్లే. 2015లో ఆస్ట్రియాలోని లియోగాంగ్ డౌన్‌హిల్ వరల్డ్ కప్‌లో అమెరికన్ ఆరన్ గ్విన్ చెయిన్ బయల్దేరిన క్షణాల్లోనే తెగిపోయింది. పెడల్‌తో పని లేకుండానే, వేగాన్ని ఎక్కడా పోనివ్వకుండా దిగి, ఆ పోటీ గెలిచాడు. దిగుడులో నేర్పు విలువ ఎంతో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కొత్తగా నేర్చేవాళ్లకు ఫ్లాట్ పెడళ్లు మరో మేలు చేస్తాయి. ఎక్కుడు మధ్యలో సైకిలు ఆగిపోతే కాలు వెంటనే నేల మీద ఆనుతుంది. చక్రం పైకి లేపడం, రాయి దాటించడం బూటు బిగింపు సాయం లేకుండా నేర్చుకోవాల్సి వస్తుంది, అలా వచ్చిన విద్య గట్టిగా నిలుస్తుంది.

పరికరాలు వద్దని నేను అనడం లేదు. హెల్మెట్ విషయంలో, బ్రేకుల విషయంలో బేరం పనికిరాదు. టైరు నేలకు తగిన పట్టునివ్వాలి. తుమ్మముళ్లు నిండిన మన బాటల్లో ట్యూబ్‌లెస్ టైరు, అందులో పోసే సీలెంటు విలాసమేమీ కాదు. అయితే ఎక్కువ ఫలితమిచ్చే పనుల్లో కొన్నిటికి దాదాపు ఖర్చే లేదు. పెడల్ అడుగుకు చేరినప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీల వంపు ఉండేలా సీటు ఎత్తు సరిచేయడం అలాంటిదే. మరీ కిందికి ఉన్న సీటు మోకాలి నొప్పికి తెలిసిన కారణం. రాళ్లబాట మీద టైరులో గాలి కాస్త తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, కుదుపు తగ్గుతుంది, చాలాసార్లు వేగం కూడా పెరుగుతుంది. మనిషి కూర్చున్నప్పుడు సస్పెన్షన్ తన మొత్తం నిడివిలో 25 నుంచి 30 శాతం దిగేలా సర్దుకోవాలి. ఇవేవీ చేయకుండా పైశ్రేణి సైకిలు కొన్నా, అది ఇవ్వగలిగినదంతా ఇవ్వదు.

ఈ ఆట పుట్టుక కూడా ఈ వరసనే చూపుతుంది. 1976లో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో రీప్యాక్ అనే దిగుడుబాట మీద కుర్రాళ్లు పోటీ పడ్డారు. వాళ్లవి పాతకాలపు లావు టైర్ల బరువు సైకిళ్లు. దిగేసరికి వెనక బ్రేకు వేడెక్కి, హబ్బులోని గ్రీజు కాలిపోయేది. మళ్లీ గ్రీజు నింపాల్సి వచ్చేది, బాటకు ఆ పేరు వచ్చింది అందుకే. ఏది చెడుతోందో, ఏది వంగుతోందో తొక్కి తెలుసుకున్నాకే జో బ్రీజ్ 1977లో కొండబాట కోసమే కొత్త ఫ్రేము తయారుచేశాడు. లోటును బాట చూపించింది, దాన్ని పూడ్చడానికి వస్తువు వచ్చింది. రెండు దశాబ్దాలు తిరక్కుండా, 1996 అట్లాంటాలో, ఈ ఆట ఒలింపిక్స్‌లో చేరింది.

ఎవరి డబ్బు వారిష్టం, సరదాకు లెక్కలెందుకు అని అడగవచ్చు. మంచి వస్తువు మీద మక్కువ తప్పేమీ కాదు. కానీ ఆ మక్కువే ప్రవేశ రుసుములా మారినప్పుడు నష్టపోయేది సైకిలు మాత్రమే కొనుక్కోగలిగిన విద్యార్థి. రెండేళ్ల జీతం పోస్తే తప్ప ఈ ఆట తనది కాదనుకుని అతను వెనక్కి తగ్గితే ఆ బాధ్యత మన మాటలదే. గ్రానైటు గుట్టలు, ఎర్రమట్టి బాటలు మనకు ఊరి పక్కనే ఉన్నాయి. క్లబ్బులు కొత్తవారికి ముందు సీటు ఎత్తు సరిచేసి, గాలి చూసి, గేరు మార్చడం, బ్రేకు వేయడం నేర్పే ఉదయాలు నిర్వహించాలి. దుకాణాలు సైకిలు అమ్మిన రోజే ఒంటికి కుదిర్చి పంపాలి. అనుభవజ్ఞులు 'ఏం కొన్నావు' అనే ముందు 'ఈ వారం ఎంతసేపు తొక్కావు, ఎక్కడ ఆగిపోయావు' అని అడగాలి. ఆ రెండో ప్రశ్నకు జవాబు దొరికాక కొనే వస్తువు ఏదైనా, దానికి పెట్టిన ప్రతి రూపాయీ పనికొస్తుంది.