మంద్రనాదాన్ని ఎలా పరీక్షించాలి?

మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు మీదుగా కుప్పం వెళ్తుండగా, నా ఇయర్‌ఫోన్లలో మృదంగపు ఎడమవైపు గుంభనం వినిపించలేదు. శబ్దం పెంచాను. దిగేసరికి చెవులలో హోరు!

తప్పు నాదే. చెవిలో అమర్చే మెత్తని తొడుగు వదులైతే మంద్రనాదం సన్నగిల్లుతుంది; మిగిలినదానిని ఇంజను రొద కప్పివేస్తుంది. అందువల్ల ఇంట్లో, నిశ్శబ్దంలో, సరిపడే తొడుగుతో, తక్కువ శబ్దంలోనే పరీక్షించాలని నా అభిప్రాయం. మృదంగం స్పష్టంగా పలుకుతూ గాయకుని గొంతును మింగనిదే మంచి మంద్రం.

పెద్దలకు 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలే హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. హోరు తగ్గకపోతే నూనె చుక్కలతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించండి. శబ్దాఘాతంతో శాశ్వతంగా పోయిన వినికిడిని ఏ తైలమూ తిరిగి తేలేదు.