థీము మార్చారు సరే, వత్తుల సంగతేంటి?

వర్డ్‌ప్రెస్ థీముల్లో చాలా వరకు ఇంగ్లీషు కొలతలతో కుట్టిన చొక్కాలే. "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటలు అందులో ఇమడవు. పై వరుస వత్తులు కిందికి దిగుతాయి, కింది వరుస గుడులు పైకొస్తాయి, రెండూ గుద్దుకుంటాయి. ఇక ఇటాలిక్ సంగతి చెప్పక్కర్లేదు. చాలా తెలుగు ఫాంట్లకి ఏటవాలు రూపమే లేదు, బ్రౌజరే అక్షరాన్ని బలవంతంగా వంచేస్తుంది. చదివేవాళ్ళు రెండు పేరాలకే పారిపోతారు. తప్పు తెలుగుది కాదండీ, థీముది.

మందు చిన్నదే. లైన్-హైట్ 1.8 దాకా పెంచండి. లెటర్-స్పేసింగ్ తీసెయ్యండి. ఇటాలిక్ మానెయ్యండి. మండలి లాంటి ఫాంటు పెట్టండి. కానీ దయచేసి థీము ఫైళ్ళని నేరుగా కెలక్కండి. అప్‌డేట్ కొట్టగానే మీ మార్పులన్నీ గోవిందా! ఈ నాలుగు లైన్లకీ 2016లో 4.7 వెర్షన్‌తో వచ్చిన అడిషనల్ సీయస్సెస్ పెట్టె చాలు. టెంప్లేట్ ఫైళ్ళు కూడా మార్చాలంటే మాత్రం చైల్డ్ థీము చేసుకోవడం మేలు.

స్లైడర్లకీ రంగులకీ తగలేసే టైములో పదో వంతు వత్తులకి పెట్టండి చాలు. జనం వచ్చేది చదవడానికే కదా, ఏమంటారు?