ఫలితం ఆలస్యమైతే సేవ మానాలా?

"ఎంత చేసినా ఫలితం కనబడదు, ఇక చాలు" అని మనం ఎన్నిసార్లు అనుకోలేదు?

డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1883లో గుంటూరు వచ్చారు. వైద్యపని మొదలుపెట్టడానికి లూథరన్ మిషన్ అప్పటికి సిద్ధంగా లేదు. స్త్రీల మధ్య బోధించే పని ఆమెకు అప్పగించింది. ఆ పని చేస్తూనే ఆమె రోగులనూ చూశారు. 1885లో మిషన్ ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. ఆసుపత్రి తెరిచింది మాత్రం 1898లో. అంటే 15 ఏళ్లు! 1930లో ఆమె గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు.

ఓర్పు అంటే ఊరకే ఎదురుచూడటం కాదు, చేతికందిన పని చేస్తూ ఉండటం. రోగి పక్కన కూర్చుని గ్లాసెడు నీళ్లివ్వడమూ సేవే. అలసినవారు విశ్రాంతి తీసుకోండి, అది తప్పు కాదు. కాని విడిచిపెట్టకండి.