సంతకమునకు ముందే సలహా

వకీలు గడప త్రొక్కుటయనగా తగవునకు కాలు దువ్వుటయే యను తలంపు మన కుటుంబములలో లోతుగా నాటుకొనియున్నందున, అన్నదమ్ముల నడుమ గాని, ఇరుగుపొరుగు రైతుల నడుమ గాని, అప్పిచ్చినవానికిని పుచ్చుకొన్నవానికిని నడుమ గాని వ్యవహారము నడచునపుడు న్యాయవాదిని సంప్రదించుట ఎదుటివానిని అవమానించుటగా భావింపబడుచున్నది. మన సివిలు న్యాయస్థానములకు చేరుచున్న పెక్కు దావాలకు ఈ మొగమాటమే మూలమని నా దృఢవిశ్వాసము.

భూమి సంగతియే మొదట చూతము. జీవితమంతయు కూడబెట్టిన ధనముతో స్థలము కొనువారు సయితము, అమ్మువాని మాటను, మధ్యవర్తి భరోసాను నమ్మి బయానా చెల్లించి, కాగితములు పిదప చూచుకొందమని యూరకుందురు. లింకు దస్తావేజులు వరుస తెగక వచ్చినవా, ఆస్తిపై భారములు తెలుపు ఈసీలో తాకట్టు కనబడుచున్నదా, సర్వే నంబరు రిజిష్ట్రేషను చట్టపు 22-ఏ నిషేధిత జాబితాలో నున్నదా, ఆ భూమి 1977 నాటి బదిలీ నిషేధ చట్టపు ఆంక్షలకు లోబడిన అసైన్డు భూమియా యను ప్రశ్నలకు బయానాకు ముందు సమాధానము రాబట్టుట కష్టము గాదు. వానిని విడిచినవాడు మాత్రము ఏండ్ల తరబడి వాయిదాలకు తిరుగవలసివచ్చును. జనరల్ పవరాఫ్ అటార్నీ, అగ్రిమెంటు, వీలునామాలు చేతబెట్టినంతమాత్రమున స్థిరాస్తి విక్రయము సిద్ధింపదనియు, రిజిష్టరైన దస్తావేజుచేతనే స్వామ్యము సంక్రమించుననియు సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ వ్యాజ్యమున స్పష్టపఱచినను, అట్టి కాగితములను నమ్మి నష్టపోవువారు నేటికిని కలరు.

కాలము విషయమున అజ్ఞానము మఱింత ప్రమాదకరము. కోరినపుడు చెల్లింతునని వ్రాసిన ప్రోనోటుపై దావాకు గడువు 3 సంవత్సరములు. ఆ గడువు లోపల బాకీదారు కొంత సొమ్ము చెల్లించి, నోటు వెనుక తన సంతకముతో చెల్లు వ్రాసియిచ్చినచో, ఆనాటినుండి గడువు మరల మొదలగును; చెల్లు అడుగుటకు సంకోచించి కూర్చున్నవాని న్యాయమైన బాకీకి కాలదోషము పట్టును. బాకీదారునకును ప్రమాదము లేకపోలేదు: స్టాంపు అంటించి, అంకెలు వ్రాయక సంతకము చేసి యిచ్చిన నోటులో ఖాళీలు నింపుకొనుటకు ఆ నోటు పుచ్చుకొన్నవానికి చట్టమే అధికారము నొసగుచున్నది. ఖాతాలో సొమ్ము చాలక చెక్కు తిరిగివచ్చినచో, బ్యాంకునుండి ఆ సమాచార మందిన 30 దినములలో వ్రాతమూలముగా నోటీసు ఇయ్యవలెను. నోటీసు అందిన 15 దినములలో సొమ్ము రానిచో, ఆపై ఒక మాసములోపల ఫిర్యాదు దాఖలు చేయవలెను. ‘రేపు ఇత్తును, ఎల్లుండి ఇత్తును’ అను మాటలు నమ్మి ఈ దినములను జారవిడిచినవాడు తన హక్కును తానే బలహీనపఱచుకొనుచున్నాడు. కోర్టునుండి సమన్లు వచ్చినపుడు పుచ్చుకొని పెట్టెలో దాచుట అంతకంటెను అనర్థదాయకము. సాధారణముగా 30 దినములలో జవాబు దాఖలు చేయవలసియుండగా, హాజరు కానివానిపై ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చుటకు అవకాశము కలదు.

నా మనస్సును మిక్కిలి కలచునది ఆడబిడ్డల వాటా విషయము. అవివాహితలైన కుమార్తెలకు పిత్రార్జితమున కుమారులతో సమానహక్కును ఆంధ్రప్రదేశ్ 1986 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణచేతనే కల్పించినది; 2005లో కేంద్రసవరణము ఆ హక్కును వివాహితలకును విస్తరింపజేసినది; సవరణనాటికి తండ్రి జీవించియుండ నవసరము లేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ తీర్పున తేల్చినది. అయినను, పసుపుకుంకుమల పేర కొంత సొమ్ము చేతబెట్టి, పుట్టింటి రాకపోకలు చెడునను భయము చూపి, సోదరుల న్యాయవాది వ్రాసిన హక్కువిడుదల పత్రముపై సంతకము చేయించుట నేటికిని సాగుచున్నది. వాటా వదలుకొనుట ఆమె యిష్టము కావచ్చును. ఆ యిష్టము నిజమైనది కావలెనన్నచో, వదలుకొనుచున్నది ఎంతయో తన పక్షమున నిలిచిన న్యాయవాది నోట ముందుగా వినియుండవలెను.

ఫీజు ఎక్కడ తేగలమని పేదలు అడుగుట సహజము. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులములు తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయమును ప్రసాదించినది. తక్కిన నిరుపేదలకు ఆదాయ పరిమితికి లోబడి అదే సహాయము కలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేసికొనవచ్చును. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరినచో చెల్లించిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును. ఆ అవార్డుపై అప్పీలు లేనందున తగవు అక్కడితో ముగియును.

న్యాయవాదులకును ఒక ధర్మము కలదు. దావా నిలువదని తెలిసినపుడు ఆ మాట కక్షిదారుతో నిర్మొగమాటముగా చెప్పి పంపువాడే ఆ వృత్తికి గౌరవము తెచ్చువాడు. ప్రజలు ముందుగా వచ్చుట నేర్చినచో, అట్టి హితవు చెప్పుటకు అతనికిని అవకాశము చిక్కును. కావున బయానా ఇచ్చుటకు, నోటు వ్రాయుటకు, భాగపంపిణీ పత్రముపై వ్రేలుముద్ర వేయుటకు ముందు ఒక్కమారు న్యాయవాదిని అడుగుట మన గృహస్థధర్మములలో నొకటిగా పాటింపబడవలెను.