పిల్లల్ని కాసే చేపకు గాలమా?

మృగశిర కార్తె వచ్చిందంటే తెలంగాణలో ఇంటింటా చేపల కూర ఘుమఘుమలే. ఆ రోజు బజారులో అందరి చూపూ కొర్రమట్ట మీదే. ముళ్లు తక్కువ, రుచి ఎక్కువ మరి! కొర్రమీను అన్నా అదే. 2016లో దీన్నే తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు.

విదేశాల్లో గాలం సరదా ఉన్నవాళ్లు బాస్ చేప వెంట పడతారు. ఆ పేరుతో పిలిచేవాటిలో మన కోస్తాకు తెలిసింది పండుగప్ప. గోదావరి, కృష్ణా సముద్రంలో కలిసేచోట, ఉప్పునీటి పాయల్లో దొరుకుతుంది. మరి సముద్రానికి దూరంగా ఉన్న తెలంగాణ చెరువుల్లో? ఆ సరదా తీర్చేది కొర్రమట్టే!

ములుగు జిల్లా పాలంపేటనే తీసుకోండి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది. గుడికి దగ్గర్లోనే ఆయన కట్టించిన రామప్ప చెరువు. ఇలాంటి పాత చెరువుల అంచుల్లో, తుంగ, తామరాకుల నీడలో కొర్రమట్ట మాటు వేస్తుంది. నీటిలోనే కాదు, పైకొచ్చి గాలినీ పీలుస్తుంది. నీటి మీద ‘గుబుక్’మన్న చోటే గాలం పడుతుంది. ఎర వానపాము కావచ్చు, చిన్నచేప కావచ్చు. కప్పపిల్ల అయితే మరీ ఇష్టం. పట్టిందా, గడ్డిలో దూరేలోపే లాగాలి!

చిక్కల్లా ఇక్కడే. తొలకరి పడి చెరువులోకి కొత్తనీరు చేరే రోజులే కొర్రమట్ట గుడ్లు పెట్టే కాలం. గుడ్లు నీటి మీద తేలుతుంటాయి. పొదిగాక ఎర్రెర్రని పిల్లలు గుంపుగా తిరుగుతాయి. వాటి కిందే పెద్దచేప కాపలా. దగ్గరికి ఏదొచ్చినా మీదపడి కరుస్తుంది. ఆకలితో కాదు, పిల్లల కోసం! ఇది తెలిసినవాళ్లు సరిగ్గా ఆ గుంపు మీదకే గాలం విసురుతారు. పెద్దది దొరికిపోతుంది. పిల్లలు మిగతా చేపలకూ, కొంగలకూ ఫలహారమవుతాయి. ఒక్క చేపకు ఒక గంపెడు సంతానం నష్టమన్నమాట.

చెరువుల్లో తెచ్చి వదిలే చేపపిల్లల్లో బొచ్చె, రవ్వ వంటివే ఎక్కువ. కొర్రమట్ట సంతతి నిలవాలంటే చాలావరకు అది పెంచుకున్న పిల్లలే దిక్కు. నష్టపోయేది వలనే నమ్ముకున్న కుటుంబాలు.

అలాగని కార్తె కూర మానుకోనక్కర్లేదు. గుంటల్లో పెంచిన కొర్రమట్టలు బజారుకొస్తూనే ఉన్నాయి. చెరువు గట్టున గాలం వేసేవాళ్లు చేయాల్సింది ఒక్కటే. నీటి మీద ఎర్రటి గుంపు కనిపిస్తే గాలం చుట్టేసి నాలుగడుగులు పక్కకు జరగడం. ఈ ఏడు వదిలేసిన తల్లే పైయేటికి చెరువు నింపుతుంది!