జెమ్స్ కొనకుండానే టైటాన్ దాకా

'షాడో ఫైట్ 2' పాత ఆటే కదా, ఇప్పుడెందుకు అంటారా? నిజమే, 2014లో ఫోన్లలోకి వచ్చిన ఆట. నెక్కి అనే కంపెనీ చేసింది. ప్లే స్టోర్‌లో డౌన్‌లోడ్లు ఎప్పుడో 10 కోట్లు దాటాయి. అయినా నల్గొండ నుంచి ఎల్బీనగర్ పోయే బస్సెక్కి కిటికీ సీట్ల వైపు ఓ చూపు వెయ్యండి. నల్లటి నీడ మనుషులతో తన్నించుకుంటున్న వాడు ఒక్కడైనా కనిపిస్తాడు. పెద్ద ఫోన్ అక్కర్లేదు, చాలావరకు నెట్ కూడా అక్కర్లేదు. శ్రీశైలం రూట్లో మన్ననూర్ దాటి నల్లమలలోకి దిగగానే సిగ్నల్ పోతుంది, బీజీఎంఐ పడుకుంటుంది. ఇది మాత్రం నడుస్తూనే ఉంటుంది.

నీడలే ఎందుకంటే, నా ఇంజనీరు బుర్రకు తోచింది చెప్తా. ముఖాలు, చర్మం, బట్టల ముడతలు గీయాల్సిన పని లేదు. మనిషి మొత్తం ఒకే నలుపు. చిన్న ఫోన్ మీద ఆ మేరకు బరువు తగ్గుతుంది, కదలిక మాత్రం నున్నగా వస్తుంది. మన తోలుబొమ్మలాటలో బొమ్మలకి రంగులైనా ఉంటాయి, ఇక్కడ అదీ లేదు. అయినా కత్తి తగిలితే మనకే తగిలినట్టుంటుంది.

సరే, అసలు సంగతికొద్దాం. ఈ ఆటలో అందరూ ఇరుక్కునే చోటు ఒకటే. మొదటి పది ఫైట్లు చకచకా గెలుస్తారు. తర్వాత ఒకరోజు ఫైట్ పక్కన 'ఇన్‌సేన్' అని పడుతుంది. ఇంకో రెండు రోజులకి 'ఇంపాజిబుల్'. వాడు రెండు దెబ్బలేస్తే మన ప్రాణం సగం, మనం పది వేస్తే వాడికి గీత పడదు. అప్పుడు మనోళ్లు అనుకునేది ఏంటంటే, నాకు ఆడటం రావట్లేదు అని. కాదు. ఆ ఈజీ, నార్మల్, హార్డ్, ఇన్‌సేన్ అన్న మాటలు చెప్పేది ముఖ్యంగా మీ ఆయుధం, కవచం, హెల్మెట్‌కీ, అవతలివాడి సామానుకీ మధ్య ఉన్న తేడా. అంటే అది పరీక్ష మార్కు కాదు, తూకం. హార్డ్ దాకా చేతివాటంతో నెగ్గొచ్చు. ఇన్‌సేన్ అయితే కష్టపడి ఒకటో రెండో. ఇంపాజిబుల్ కనిపిస్తే మాత్రం లోపలికి పోకండి, షాపుకి పొండి.

షాపులోనే చాలామంది మునుగుతారు. కాయిన్లు కాస్త చేరగానే చేతిలో ఉన్న కత్తిని అప్‌గ్రేడ్ చేసేస్తారు. లెవెల్ పెరగ్గానే దాన్ని మించిన కత్తి షాపులో తెరుచుకుంటుంది, కొందామంటే కాయిన్లుండవు. మాట వరసకి లెక్క వేద్దాం. మీ దగ్గర 1000 కాయిన్లున్నాయి. ఉన్న కత్తి అప్‌గ్రేడ్‌కి 600. వచ్చే లెవెల్లో తెరుచుకునే కొత్త కత్తి 1200. మీ అనుభవం బార్ ముప్పావు నిండింది. ఇప్పుడు 600 పెడితే కొత్త కత్తి రోజున మీకింకా 800 కావాలి. ఆగితే 200 చాలు. మూడు నాలుగు ఫైట్లు ఓపిక పడితే పోయే దానికి 600 తగలేసినట్టు. అదే బార్ ఇప్పుడే ఖాళీగా మొదలైందనుకోండి, ఫైట్లేమో ఇన్‌సేన్‌లో ఉన్నాయి, అప్పుడు అప్‌గ్రేడ్ చెయ్యాల్సిందే. నా రూలు ఇంతే: అప్‌గ్రేడ్ బటన్ నొక్కే ముందు కాయిన్లు కాదు, అనుభవం బార్ చూడండి.

ముందు ఆయుధమా కవచమా అంటే, నా ఓటు ఆయుధానికే. ఫైట్ తొందరగా ముగిస్తే తినే దెబ్బలు కూడా తగ్గుతాయి కదా. హెల్మెట్‌ని చిన్నచూపు చూడకండి, తలకి తగిలే దెబ్బలకి ఈ ఆటలో బరువెక్కువ.

కాయిన్లు ఎక్కణ్నుంచి? సర్వైవల్. వరసపెట్టి మీదికొచ్చేవాళ్లతో ఒకే ప్రాణంతో తలపడాలి. మధ్యలో పడిపోయినా అప్పటిదాకా కొట్టినవాళ్ల లెక్క చేతికొస్తుంది. ఇందులో ఒక కిటుకుంది. ఎనర్జీ మొత్తాన్ని బాస్ మీదే పొయ్యకండి. ఒక్కసారి బాస్ దగ్గరికి పొండి, గెలవడానికి కాదు, చూడటానికి. ఎప్పుడు ఎగురుతున్నాడు, ఏ దెబ్బ తర్వాత ఒక క్షణం ఖాళీగా నిలబడుతున్నాడు, ఇవి చూడండి. మిగతా ఎనర్జీ సర్వైవల్‌కి. అయిపోయిందా, ఫోన్ పక్కన పెట్టండి. కాసేపటికి అదే నిండుతుంది. ఆ కాసేపు ఆగలేకే జెమ్స్ ఖర్చవుతాయి.

జెమ్స్ గురించి కొంచెం గట్టిగానే మాట్లాడాలి. దేవరకొండలో మా చిన్నమ్మ కొడుకున్నాడు, ఇంటర్ సెకండియర్. ఆడేది వాళ్ల నాన్న ఫోన్లో. బాబాయిది ఆటో. పేమెంట్లన్నీ వీడి చేతే చేయిస్తాడు, కాబట్టి యూపీఐ పిన్ కూడా వీడికి తెలుసు. సంక్రాంతికి పోయినప్పుడు మెల్లగా పక్కకి పిలిచాడు.

"అన్నా, ఒక్క రెండొందలు కొట్టవా? లింక్స్ గాడు అయితలేడు."

"నేను కొట్టకపోతే?"

"నాన్న ఫోన్ల ఉన్నయి గానీ... రేపటి డీజిల్ పైసలవి."

వాడు దొంగ కాదు. దొంగైతే నన్నడిగేవాడే కాదు. కానీ ఆ 'గానీ' తర్వాత వాడు ఆగిన క్షణం ఉంది చూశారూ, ఆట తయారుచేసేవాళ్లు కాచుకునేది సరిగ్గా దానికోసమే. చాలా ఆటల్లో ఆఫర్ ఎప్పుడొస్తుందో గమనించండి. గెలిచినప్పుడు కాదు, ఓడిన వెంటనే, ఒళ్లు మండుతున్నప్పుడు. పైగా ధర రూపాయల్లో ఒకసారే కనిపిస్తుంది. జెమ్స్‌గా మారాక రూపాయి లెక్క మనసులోంచి పోతుంది. నలభై జెమ్స్ అంటే ఎంతో ఎవరికీ గుర్తుండదు.

డబ్బు పెట్టి డబ్బుకోసం ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. ఆటలో జెమ్స్ కొనుక్కోవడం దాని కిందకి రాదు. పందెం లేదు, తిరిగొచ్చే పైసా లేదు. అంటే ఇక్కడ చట్టం అడ్డుపడదు. కాబట్టి ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకి పోయి, ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డో వేలిముద్రో అడిగేలా పెట్టండి. వేలిముద్ర నాన్నదై ఉండాలి, మీది కాదు. ఆ రోజు నేను చేసిన మొదటి పని అదే. బాబాయికి మాత్రం ఏమీ చెప్పలేదు, సేఫ్టీ కోసం అన్నాను.

రెండో పని, వాడితో రెండు సాయంత్రాలు కూర్చోవడం. వాడి సమస్య ఆయుధం కాదు, వేలు. ఆగకుండా బటన్లు నొక్కుతూనే ఉన్నాడు. ఈ ఆటలో బ్లాక్‌కి బటన్ లేదు. మీరు దెబ్బ వెయ్యకుండా నిలబడితే ముందు నుంచి వచ్చే దెబ్బ దానంతటదే ఆగుతుంది. నిరంతరం కొడుతూ ఉన్నవాడికి బ్లాక్ ఎక్కడిది? లింక్స్ మాయమవుతాడని అందరికీ భయం. మాయమైనప్పుడు గాలిలో కత్తి తిప్పకుండా నిలబడండి. దెబ్బ ఆగిందా, అంటే వాడు ఎదురుగానే ఉన్నాడు, ఇప్పుడు కొట్టండి. కొట్టి మళ్లీ ఆగండి. మా వాడికి మొదటి సాయంత్రం ఎనిమిదిసార్లు ఓటమే. రెండో సాయంత్రం అన్నం తినేలోపు లింక్స్ పడిపోయాడు. వంటింట్లోంచి చిన్నమ్మ "ఏమైందిరా" అని పరిగెత్తుకొచ్చింది, అంత అరిచాడు.

ఆయుధం ఏ రకం అనేది కూడా చేతివాటమే. బటన్లు గబగబా నొక్కేవాళ్లకి చిన్న కత్తులు. నాలాంటి నిదానస్తులకి కర్ర లేదా ఈటె, దూరం నుంచే అందుతుంది. షాపులో అంకె పెద్దగా ఉందని చేతికి అలవాటు లేని ఆయుధం కొంటే వారం వృథా.

లింక్స్‌ని దాటితే విసిరే ఆయుధాలు, హెర్మిట్‌ని దాటితే మేజిక్ చేతికొస్తాయి. మేజిక్ బార్ కొట్టినా నిండుతుంది, దెబ్బ తిన్నా నిండుతుంది. అంటే ఓడిపోతున్న రౌండ్లో కూడా ఏదో కూడబెడుతున్నట్టే. నిండగానే వాడెయ్యకుండా, అవతలివాడు గాల్లోంచి కిందికి దిగుతున్నప్పుడు వదలండి. ఇక ఎన్‌చాంట్‌మెంట్లు. వాటికి గోళాలు ఖర్చు, ఏ గుణం తగులుతుందో మన చేతిలో లేదు, పైగా అది ఆ వస్తువుతోనే ఉండిపోతుంది. రెండు లెవెళ్లలో పక్కన పడేసే కత్తికి గోళాలు పెట్టడం అద్దింటికి గ్రానైట్ వేయించడం లాంటిది. కనీసం ఒక బాస్ దాకా మీతో నడిచే ఆయుధానికే పెట్టండి.

ప్రతి బాస్‌కీ ముందు ఐదుగురు అంగరక్షకులు. వాళ్లని గెలిచే తొందరలో జేబు ఖాళీ చేసుకుని బాస్ ముందు నిలబడకండి. ఐదోవాడు పడేసరికి ఒక ఆయుధం ధర చేతిలో మిగిలుండాలి. బుచర్ నేలని అదరగొడతాడు, అప్పుడు గాల్లో ఉండండి. వాస్ప్ ఎగురుతుంది, కింద నిలబడి పైకి చూస్తూ ఉండకండి, జరగండి. విడో, షోగన్ దాటి చివర టైటాన్ దాకా పోవడానికి రోజుకి అరగంట చొప్పున నాకు నాలుగు నెలలు పట్టింది. ఒక్క రూపాయి పెట్టలేదు. ఎనర్జీ గోల, ప్రకటనలు వద్దనుకునేవాళ్లకి ఒకేసారి డబ్బు కట్టే 'స్పెషల్ ఎడిషన్' విడిగా ఉంది. సొంత సంపాదన ఉన్నవాళ్లకి ప్యాకుల కన్నా అదే నయం.

ఇంకొకటి. ఎండాకాలం పాలమూరు బస్సులో ఫోన్ ఛార్జింగ్ పెట్టి ఆడకండి. ఫోన్ వేడెక్కిందంటే వేగం అదే తగ్గించుకుంటుంది, మీ వేలు నొక్కింది తెర మీదికి ఆలస్యంగా వస్తుంది. బ్యాటరీ సేవర్ తీసేసి, పౌచ్ ఊడదీసి ఆడండి. ఫోన్ మార్చే ముందు క్లౌడ్ సేవ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. టైటాన్ గుమ్మం దాకా వచ్చి మళ్లీ లింక్స్ నుంచి మొదలుపెట్టిన ఒకాయన మా ఆఫీసులో ఉన్నాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన ముందు ఈ ఆట పేరెత్తం.