పాత బండి, దాచిన లోపం

యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. అయినా మన కరీంనగర్, ఆదిలాబాద్ యువకులకు దానిపై మోజు తీరలేదు. కొనదలచిన సోదరుడు ముందుగా ఆర్.సి.లోని ఇంజన్, ఛాసిస్ నంబర్లను బండి మీది అంకెలతో సరిపోల్చాలి. అంకెలు చెరిపి మళ్ళీ కొట్టిన జాడ కనిపిస్తే, ధర ఎంత తక్కువైనా విడిచిపెట్టాలి. దొంగసొత్తని తెలిసీ కొనడం ధర్మసమ్మతం కాదు. కొత్త రంగు చూసి మురిసిపోరాదు. ట్యాంకుకు అయస్కాంతం ఆనించండి. పుట్టీ మందంగా పూసినచోట అది పట్టదు.

అమ్మేవారి బాధ్యత ఇంకా పెద్దది. అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టిన దైవప్రవక్త (స)కు లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు విన్నవించగా, తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. పుట్టీ పూత కూడా ఆ కోవలోనిదే.

‘ఏ లోపమున్నా నాకు సంబంధం లేదు’ అనే షరతుతో అమ్మడాన్ని హనఫీ ఫిఖ్‌హ్ అనుమతిస్తుంది. అంతమాత్రాన, తెలిసిన లోపాన్ని దాచిన పాపం తొలగదు. ఆ షరతు లేనప్పుడు పాత లోపం బయటపడితే బండిని తిరిగి ఇచ్చే హక్కు కొన్నవారికి ఉంటుంది. అయితే లోపం తెలిశాక కూడా సొంత పనులకు నడిపితే అది సమ్మతి కిందికే వస్తుంది. తిరిగి అప్పగించడానికి నడుపుకుంటూ వెళితే రాదు. ఫుఖహాలు ఈ మాట సవారీ జంతువుల గురించి చెప్పారు, ఆర్‌ఎక్స్‌కూ ఇదే వర్తిస్తుంది! మరమ్మతు చేయించినా సమ్మతించినట్లే. కనుక మెకానిక్ వద్దకు కాదు, ముందు అమ్మినవారి వద్దకే వెళ్ళండి.